వారధి : ఒక పదవిచారము

ఇటీవలి వ్యాసములలో ‘సాంస్కృతిక వారధి’ యను మాట తఱచుగా కానవచ్చుచున్నది. మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతములను రాయలసీమకును కోస్తాకును వారధి యనుట కలదు. ఈ ప్రాంతము 1970 వఱకు కర్నూలు జిల్లాలోనిది. ఆ యేట ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరినది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశమను పేరు వచ్చినది. కావున ఆ మాటకు ఆధారము లేకపోలేదు. అయినను అది తగిన మాటయేనా యని మేము విచారింపదలచితిమి.

సంస్కృతమున వారిధి, వార్ధి శబ్దములకు సముద్రమని యర్థము. తెలుగున వారధి యనగా వంతెన. ‘వారధి గట్టుట’ యనగా మొదట సముద్రమును బంధించుటయై, రామకథా ప్రచారముచే పిదప వంతెనను నిర్మించుటగా మాఱినదని మా యూహ. దాటవలసినదాని పేరే దాటించుదానికి వచ్చినదన్నమాట.

సేతుశబ్దము బంధనార్థకమైన ధాతువునుండి పుట్టినది. దానికి వంతెన యనియు, నీటి నాపు కట్ట యనియు రెండర్థములు. కంభము చెరువుకట్ట ఈ రెండవ విధమగు సేతువు. విజయనగర కాలమున రెండు కొండల నడుమ గుండ్లకమ్మ కడ్డముగా దీనిని గజపతుల యాడుబిడ్డ వరదరాజమ్మ కట్టించెనని ప్రతీతి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి సంఘము దీనిని వారసత్వ కట్టడముగా గుర్తించినది. వంతెన దాటిపోవువారి కుపకరించును. కట్ట తానున్న సీమనే పండించును. కఱవున నలిగిన ఈ ప్రాంతమును వారధి యని మాత్రమే పొగడినచో, అది ఇతరుల బాటయై, దాని సొంత బ్రదుకు మన లెక్కలోనికి రాకపోవును.

నల్లమల చెంచులు అహోబిల నరసింహుని తమ యాడపడుచును పెండ్లాడినవానిగా భావింతురు. ఈ కథనుగూడ వారధి యనుట సులభమే. కాని చెంచులది చుట్టరికపు మాట. వియ్యమున ఇచ్చిపుచ్చుకొనుటలు, మర్యాదలు, అలుకలు గలవు. వంతెన కిరువైపులనున్న యొడ్డులకు అట్టివి లేవు. అవి ఎప్పటికిని ఎదురెదురుగానే యుండును.

తెలుగునకును ఆంగ్లమునకును నిఘంటువు కూర్చిన బ్రౌనువంటి వారియెడ వారధి శబ్దము చక్కగా నొప్పును. అచట దూరము నిజముగా నున్నది. కలిసి బ్రదికిన జనులయెడ సేతువో, వియ్యమో మేలు. పరిశోధకులు రెండు సంస్కృతులను గూర్చి వ్రాయబూనునపుడు, నడుమ ఏరున్నదా, లేక ఒకే చెరువున్నదా యని ముందుగా చూడవలెను. మాటను పిదప ఎన్నుకొనవలెను.