పడవ పాట బోధన్ రోడ్డెక్కితే

బరాత్‌లో అందరూ గుర్రం మీది పెళ్లికొడుకును చూస్తారు. నేను క్లారినెట్ మాస్టరు వేళ్లను చూస్తాను. నిజామాబాద్ నుంచి బోధన్ దాకా మంచి బ్యాండు ఎక్కడ మోగినా, పిలిచినా పిలవకపోయినా పోయే మనిషిని. చుట్టాలు నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

ఈ మేళం తెల్లదొరల పల్టన్ల నుంచి వచ్చిందంటారు, నిజాం ఫౌజులోంచి బజారుకు దిగిందనీ అంటారు. ఎట్లా వస్తేనేం, మాయాబజార్ సినిమా పాటలు వాయించడం ఏ దొరా నేర్పలేదు కదా!

అందులోని పడవ పాటే చూడండి. సాలూరి రాజేశ్వరరావు బాణీ కడితే ఘంటసాల, లీల పాడిన మోహన రాగం. గొంతులో జారే ఆ గమకాన్ని నల్లటి గొట్టంలో పలికించాలి. మాస్టరు చిల్లు మీది వేలును ఠక్కున ఎత్తడు, ఓరగా జారుస్తాడు. సగం తెరుచుకున్న చిల్లులోంచి స్వరం వంగి వస్తుంది. తక్కినదంతా పెదవి పనే. రీడును కాస్త వదిలితే స్వరం కుంగుతుంది, బిగిస్తే లేస్తుంది. ట్రంపెట్‌కు ఈ సుఖం లేదు, మూడే మీటలు. అందుకే పల్లవిని ఎత్తి అందరి నెత్తిన పోసే పని దానిది. ఇదంతా నడుస్తూ, పక్కన పటాకులు పేలుతుంటే!

శక్కర్‌నగర్ దగ్గర నేను విన్న ఒక క్లారినెట్ పెద్దాయన సంగతి చెప్పకుండా ఉండలేను. చరణం మధ్యలో చెరకు లారీ వచ్చి హారన్ కొట్టింది. మేళం పక్కకు ఒత్తిగిల్లింది. ఆయన మాత్రం ఆ హారన్ శ్రుతినే పట్టుకొని, దాన్ని సాగదీసి, అక్కణ్నుంచి పల్లవిలోకి దిగాడు. లారీ డ్రైవరు కిందికి దిగి పదిరూపాయల నోటు ఇచ్చాడు.

ఆయనకు నొటేషన్ రాదు. మా ఇంటికొచ్చి వీసీడీ పెట్టించుకునేవాడు. నా బీరువాలో బట్టలకన్నా సినిమాలే ఎక్కువ. గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’, 1989 నాటి ‘శివ’, మూడు డిస్కుల ‘మాయాబజార్’. “ఇంకొక్కపారి ఎనక్కి తిప్పు సారూ” అంటూ, ఉత్త వేళ్లనే మోకాలి మీద ఆడించేవాడు.   

చెరకు పైసలు చేతికొచ్చిన ఏడు, పెళ్లికి రెండు బ్యాండ్లు పిలిచిన ఇండ్లున్నాయి ఈ పక్క. 2015లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. ఈలోగా డీజే వచ్చిపడింది. ట్రాలీ నిండా డబ్బాలు, గుండెలదిరే మోత, ఒక్క మనిషి ఊపిరి లేదు. అదన్నా నయం. మొన్నొక పెళ్లిలో జరీ కోట్లు తొడిగిన ఆరుగురు బాకాలు నోటికానించి నిలబడ్డారు, పాట మాత్రం కీబోర్డులోంచి వస్తోంది. ఒకడి బుగ్గ కూడా ఉబ్బలేదు! అన్నం పెట్టిన కళను ఇంత మోసం చేయొచ్చా? కడుపు మండి భోజనం చేయకుండానే వచ్చేశాను.

పెళ్లి పెట్టుకున్న అయ్యలారా, అమ్మలారా, దండం పెట్టి చెబుతున్నా. డీజేకు పోసే దాంట్లో సగమైనా ఊదే మనుషులకివ్వండి. వాళ్లొచ్చాక చాయ్ తాగించండి, పడవ పాట అడగండి. మాస్టరు రీడును నోట్లో పెట్టుకొని తడుపుకుంటుంటాడు. ఆ ఒక్క నిమిషం తొందరపెట్టకండి.