రంగు వేసే హక్కు

మా గద్వాలలో చీర ఎంచడానికో పద్ధతుంది. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెంటినీ మగ్గంమీదే పోగుకు పోగు పెనవేసి కలుపుతారు. అందుకే ముందు ఆ కలిపినచోట వేలితో తడిమి చూస్తాం. అతుకు తగిలిందో, ఆ చీర పక్కకే! ఈ వంకలు వెతికే బుద్ధిని వెంటబెట్టుకునే మొన్న వనపర్తిలో నా స్నేహితురాలింటికి వెళ్లాను.

వాళ్లు కథోలికులు. ముందుగదిలో చెక్కపీఠం మీద మూరెడు లూర్దుమాత స్వరూపం ఉంటుంది. స్నేహితురాలి అత్తగారు ఎప్పుడో విజయవాడ గుణదల తిరునాళ్లలో కొని, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చిందట. నేనెరిగిన ఆ మాతకు ముక్కుకొస కాస్త రాలి ఉండేది. నడుముకున్న నీలిపట్టీ తుడవగా తుడవగా వెలిసిపోయింది. ఈసారి చూద్దును కదా, ముక్కు అతికారు. పెదవులకు ఎరుపు, పట్టీకి నిగనిగలాడే ఎనామిల్ నీలం!

“ఎంత పని చేశారే! ఆ మొహంలో శాంతమంతా పోయింది” అనేశాను.

నిజానికి ఈ మాతకు వంకపెట్టడం నాతో మొదలు కాలేదు. 1858లో ఫ్రాన్సులోని లూర్దులో బెర్నదెత్ అనే పద్నాలుగేళ్ల పేదపిల్లకు గుహలో మాత కనిపించిందని కథోలికుల విశ్వాసం. ఆ పిల్ల చెప్పిన ఆనవాళ్లనుబట్టి ఫాబిష్ అనే శిల్పి పాలరాతి విగ్రహం చెక్కితే, 1864లో ఆ గుహలోనే నిలిపారు. తెల్లని దుస్తులు, నీలిపట్టీ, పాదాలమీద గులాబీలు, అన్నీ కుదిరాయి. కాని చూసిన పిల్లకే నచ్చలేదు! తాను చూసింది తనంత ఎత్తున్న పడుచుపిల్లనాయె. ఇక్కడ నిలబడింది పొడుగాటి పెద్దావిడ. అయినా లోకమంతా ఆ రూపాన్నే తెచ్చుకుంది. 1924లో ఫాదర్ ఆర్లాటి గుణదల కొండగుహలో నిలిపిందీ లూర్దుమాతనే. పోలిక కుదిరిందా లేదా అన్నది శిల్పి బాధ. ఇంటికొచ్చాక మాత బాగోగులు ఇంటివాళ్లవే.

ఈ సంగతి నాకు తెలియజెప్పింది నాగర్‌కర్నూలు నుంచి వచ్చిన ఆ ఇంటి కోడలు.

“చిన్నమ్మా, మీరు ఏడాదికొకసారి చూస్తరు. ఆ ముక్కు చూసి మా చిన్నది, అమ్మకు దెబ్బ తాకిందని రోజూ ఏడ్చేది. శనివారం శనివారం తుడిచేది నేను. అతికింది గూడ నేనే” అంది, నెమ్మదిగానే.

నాకు నోరు పెగల్లేదు. స్నేహితురాలు నవ్వి, “మొదట నాకూ మనసొప్పలేదే. మా అత్త చేతుల్లో అరిగిన రంగు కదా! అక్టోబరు జపమాల నెలలో నెలంతా ఆమె ముందు మోకరించేసరికి, మళ్లీ మా అమ్మే అనిపించింది” అంది.

ఆ ఎనామిల్ నాకు ఇప్పటికీ నచ్చలేదు సుమండీ! మెరుపు లేని రంగైతే ఎంతో బాగుండేది. ఆ మాట చెప్పే హక్కు చూసేవాళ్లకుంటుంది. రంగు వేసే హక్కు మాత్రం తుడిచే చేతిదే.

బయల్దేరేముందు కోడలినడిగి, ఆ ముక్కు అతికినచోట వేలితో తడిమి చూశాను. అతుకు తగల్లేదు.