ఊరు లేని దేవుడు ఉంటాడా?
గ్లొరాంథా అనే ఆటలోకం మీద ఒక పరిశీలన

ఒక ఆట గురించి సాహిత్య పత్రికలో రాయడమేమిటని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. మొదట నాకూ అలాగే అనిపించింది. కిందటి వేసవిలో బెంగుళూరులో మా అక్క మనుమడి ఇంట్లో ఉన్నాను. ఒక శనివారం సాయంత్రం అతని స్నేహితులు నలుగురు వచ్చి బల్ల చుట్టూ కూర్చున్నారు. ఒకడు కథ నడుపుతాడు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర పుచ్చుకుని, "నేనిప్పుడు ఇలా చేస్తాను" అని నోటితో చెబుతారు. చేసిన పని నెరవేరిందో లేదో పాచికలు తేలుస్తాయి. దీన్ని రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. వీధి భాగవతమూ పాచికలాటా వియ్యమందినట్టుంది దీని వరస. కత్తులూ రాక్షసులూ ఉంటారనుకున్నాను. ఆ రాత్రి వాళ్ళు మూడు గంటలపాటు ఆడింది ఒక తెగ ఏడాది చివర చేసుకునే జాతర! ఆ తర్వాతనే పుస్తకాలు అడిగి పుచ్చుకుని చదివాను.

ఈ తరహా ఆటల్లో ముందుగా అచ్చయి పేరుకెక్కింది 1974లో అమెరికాలో వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్. దానికి అనుబంధంగా 1980లో డెయిటీస్ అండ్ డెమిగాడ్స్ అనే పుస్తకం వచ్చింది. అందులో దేశదేశాల పురాణ దేవతల్ని వరుసగా పేర్చి, ఒక్కొక్కరు ఎన్ని దెబ్బలకు పడిపోతారో అంకెలు వేశారు. మన ఇంద్రుడికీ, విష్ణువుకూ, కాళికీ కూడా ఆ అంకెలు తప్పలేదు. కోపం తెచ్చుకోవలసిన పనిలేదు గానీ, ఆ పుస్తకంలో ఒక లోపం ఉంది. దేవతలున్నారు, వాళ్ళ ఆయుధాలున్నాయి, కానీ ఆ దేవతల్ని ఎవరు కొలుస్తారు, ఎప్పుడు కొలుస్తారు, కొలవకపోతే ఏమవుతుంది అన్న ఊసు దాదాపు లేదు. గుడి ఉంది, ఊరు లేదు.

ఆ ఊరిని ఆటలోకి తెచ్చినవాడు గ్రెగ్ స్టాఫర్డ్. 1966లో విస్కాన్సిన్‌లోని బెలాయిట్ కళాశాలలో చదువుకుంటూ, పురాణాలు చదివి చదివి, తానే ఒక లోకాన్ని కల్పించడం మొదలుపెట్టాడు. దాని పేరు గ్లొరాంథా. 1975లో ఆ లోకం మీద వైట్ బేర్ అండ్ రెడ్ మూన్ అనే బల్లమీది ఆట తయారుచేసి, దాన్ని అచ్చు వెయ్యడానికి కేయాసియం అనే సంస్థ పెట్టుకున్నాడు. 1978లో స్టీవ్ పెర్రిన్ మొదలైనవారు అదే లోకాన్ని రంగస్థలంగా చేసుకుని రూన్‌క్వెస్ట్ ఆట రాశారు. 2018లో స్టాఫర్డ్ పోయాడు. ఆట మాత్రం నడుస్తూనే ఉంది.

విమర్శకుడు ముందుగా చూడవలసిన పుస్తకం 1979లో వచ్చిన కల్ట్స్ ఆఫ్ ప్రాక్స్. అందులో ఒక్కో దేవతకు ఒక్కో అధ్యాయం. ఆ దైవం పుట్టుపూర్వోత్తరాలు, సంఘంలో ఆ భక్తుల స్థానం, మామూలు భక్తుడికీ దీక్ష తీసుకున్నవాడికీ పూజారికీ ఉండే తేడాలు, ఎవరికి ఏ బాధ్యత, ఏ నిషేధం, ఏ దైవంతో చుట్టరికం, ఏ దైవంతో పగ – ఇవీ అందులోని విషయాలు. మధ్యమధ్య ఒక సంచార వ్యాపారి కథ నడుస్తూ ఉంటుంది. అతను ఊరూరా తిరుగుతూ ఒక్కో మతంవాళ్ళతో బేరాలాడుతూ, దెబ్బలు తింటూ, సాయం పొందుతూ పోతాడు. దైవం పటంలో కాక మనుషుల నడవడిలో కనిపిస్తుంది. ఆటల పుస్తకాల్లో ఇది అపురూపమైన గుణం.

ఈ లోకపు మూలకథ కూడా ఆలోచించదగింది. గాలివాన దేవుడు ఓర్లాంత్, సూర్యచక్రవర్తి యెల్మ్‌ను మృత్యువనే ఆయుధంతో చంపుతాడు. లోకం చీకటవుతుంది. ఆ చీకట్లోంచి అన్ని అరిష్టాలూ చొరబడతాయి. అప్పుడు ఓర్లాంత్ తన తప్పు తెలుసుకుని, కొందరు తోడుతో పాతాళానికి దిగి, తాను చంపినవాడి ఎదుటనే నిలబడి సమాధానపడతాడు. అప్పుడే కాలం మొదలవుతుంది, పొద్దు పొడుస్తుంది. ఆ తెగలవాళ్ళు ఓర్లాంత్‌ను కొలిచేది శత్రువును చంపినందుకు మాత్రమే కాదు, చంపిన తప్పు దిద్దుకున్నందుకు. ఏడాదికి 294 రోజులు. చివరి 14 రోజులూ పవిత్రకాలం. ఆ రోజుల్లో ఊరంతా కలిసి ఈ కథను మళ్ళీ నడపాలి. నడపకపోతే వచ్చే ఏడు లోకం సరిగా సాగదని నమ్మకం.

మన పాఠకులకు ఇది కొత్తగా తోచకపోవచ్చు. చిత్తూరు వైపునా, ఆవలి వేలూరు, తిరువణ్ణామలై వైపునా ద్రౌపదమ్మ తిరునాళ్ళు చూసినవారికి తెలుసు. అర్జునుడి వేషగాడు తపసుమాను ఎక్కి పైనుంచి విసిరే పండు కోసం పిల్లల్లేని ఆడవాళ్ళు కింద కొంగు పట్టి నిలబడతారు. దుర్యోధనుడి మట్టిబొమ్మ తొడ విరిగాక అమ్మవారు జుట్టు ముడుచుకుంటుంది. ఆనక ఊరు నిప్పుల మీద నడుస్తుంది. అది నాటకమా, పూజా అని అక్కడ ఎవరూ అడగరు. గ్లొరాంథాలో హీరోక్వెస్ట్ అనేది సరిగ్గా ఇలాంటిదే. ఒకడు దేవుడి వేషంతో కథలోకి నడుస్తాడు, వెనక ఊరు నిలబడుతుంది, దక్కిన ఫలం ఊరందరిదీ. 1999లో వచ్చిన కింగ్ ఆఫ్ డ్రాగన్ పాస్ అనే కంప్యూటర్ ఆటలో ఇది మరీ స్పష్టం. పాత దేశం వదిలి కొత్త నేలకు వచ్చి స్థిరపడ్డ ఒక తెగను మనం నడపాలి. ఏడుగురు పెద్దల మండలి ఉంటుంది. తమ దేవుడి కథ సరిగా ఎరగకుండా హీరోక్వెస్ట్‌కు వెళ్ళిన పెద్ద దెబ్బతిని తిరిగొస్తాడు. కథ తెలిసి ఉండడమే అక్కడ బలం.

ప్రతి తెగకూ వైటర్ అని ఒక కాపు దైవం ఉంటుంది. తెగవాళ్ళు కొలిచినంతకాలం దానికి శక్తి. మనుషులు చెదిరిపోతే అదీ క్షీణిస్తుంది. ఊరు వదిలి వలస వచ్చినప్పుడు గంగమ్మను ఒక రాయి రూపంలో మూటగట్టి తెచ్చుకున్నామని చెప్పుకునే మా వాడవాళ్ళకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు.

ఇక ఈ లోకంలో నన్ను బాగా పట్టుకున్న ఘట్టం గాడ్ లెర్నర్స్ అనే పండితులది. వాళ్ళు అన్ని జాతుల పురాణాలూ సేకరించి పోల్చి, "ఈ దేవతా ఆ దేవతా ఒకటే" అని తేల్చారు. అంతటితో ఆగలేదు. ఒక దేశపు పంటతల్లిని ఇంకో దేశానికీ, అక్కడి తల్లిని ఇక్కడికీ మార్చి చూశారు. పంటలు పాడయ్యాయి. చివరికి వాళ్ళ నేలలో పెద్ద భాగం సముద్రంలో కలిసిపోయింది. పోలిక చూడడం తప్పని కాదు దీని భావం. పోలిక దొరికింది కదా అని ఒకరి దైవాన్ని తీసి ఇంకొకరి పీట మీద పెట్టడం తప్పు. గాలివాన తెగలు ఓర్లాంత్‌ను విమోచకుడంటారు, సూర్యభక్తులు అతన్నే ద్రోహి అంటారు. రెండు మాటలూ ఆ లోకంలో నిజాలే.

తమిళనాట మా వాడలో కొన్నేళ్ళ కింద గుడి జీర్ణోద్ధారణ జరిగింది. గోపురం వచ్చింది, గ్రానైటు వచ్చింది. బోర్డు మీద గంగమ్మ పోయి దుర్గా పరమేశ్వరి వచ్చింది. "అందరూ ఒకటే కదా" అన్నారు పెద్దలు. నేనూ ఔనన్నాను. ఆ ఏడు జాతరలో ముసలమ్మలు గంగమ్మ పాట ఎత్తుకున్నారు గానీ మైకులో సంస్కృత స్తోత్రం వస్తోంది. పాట సగంలో ఆగింది. మేము విడిచి వచ్చిన ఊరిపేరు ఉన్నది ఆ పాటలోనే. నష్టం ఏమిటో నాకు అప్పుడు తెలియలేదు. ఒక అమెరికా వాడి కల్పన చదివాక తెలిసింది.

గుణాలు చెప్పినప్పుడు దోషాలూ చెప్పాలి. మొదటిది, ఈ లోకపు వివరాలు కీకారణ్యం. 2014లో వచ్చిన గైడ్ టు గ్లొరాంథా రెండు పెద్ద సంపుటాలు. కొత్తవాడు గడప దగ్గరే జంకుతాడు. "మీ బల్ల దగ్గర గ్లొరాంథా మీ ఇష్టం, పుస్తకంలో ఉన్నట్టే ఉండనక్కర్లేదు" అన్నది స్టాఫర్డ్ పద్ధతి. కానీ అంత బరువైన పుస్తకాలు ముందు పెట్టాక ఆ మాటకు బలం తగ్గుతుంది. రెండవది ఇంకా లోతైనది. ఇక్కడ భక్తి తరచు ఇచ్చిపుచ్చుకోవడంలా ఉంటుంది. బలి ఇస్తే శక్తి వస్తుంది. రామదాసు చెరసాలలో రాముణ్ణి నగల లెక్క అడిగి నిలదీశాడే, అలాంటి చనువుకు ఈ ఆటలో చోటు తక్కువ. దేవుడు పలకనప్పుడు కూడా కొలిచేవాడే మన భక్తుడు. పలికే దేవుళ్ళ లోకంలో ఆ బాధ తెలియదు. మూడవది, పాచికలు సంచిలో వేసుకుని ఎవరింటికి వారు పోవచ్చు. ఊళ్ళో జాతర అలా కాదు. పోట్లాడుకున్నవాళ్ళ మధ్యనే మర్నాడు బతకాలి.

అయినా ఒక మాట ఒప్పుకోక తప్పదు. మా మనుమడికి ఓర్లాంత్ పాతాళ యాత్రలో తోడు వెళ్ళినవాళ్ళ పేర్లన్నీ వచ్చు. గంగమ్మ కథ ఒక్క ముక్క రాదు. మొదట అతన్ని తప్పుపట్టాను. తర్వాత ఆలోచిస్తే, ఆ బల్ల దగ్గర అతనికి ఒక పాత్ర ఇచ్చారు. అతను తప్పు చేస్తే తెగ నష్టపోతుంది, కాబట్టి కథ నేర్చుకున్నాడు. మన జాతరలో అతనికి మనమేం ఇచ్చాం? ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చి కూర్చోమన్నాం. కథ వినమని చెబితే పిల్లలు వినరు, మోయమని ఇస్తే నేర్చుకుంటారు.

తిరిగి వచ్చే ముందు అతను గంగమ్మ పాట చెప్పమన్నాడు. మొదలుపెట్టి సగంలో ఆగిపోయాను. మిగతా సగం తెలిసినావిడ మా వాడలో ఇంకా ఉంది, ఎనభై దాటాయి. ఈ నెల ఆవిడ దగ్గరికి వెళ్ళి రాసుకుంటున్నాను. హోసూరులో, రాజపాళయంలో, బళ్ళారిలో, బరంపురంలో, షోలాపురంలో, యానాంలో ఉన్న పాఠకులు కూడా తమ వాడ అమ్మవారి కథ తమవాళ్ళు చెప్పినట్టే రాసి ఉంచాలని కోరుతున్నాను. పక్క ఊరి కథతో పొసగకపోయినా దిద్దకండి. ఆ తేడాలోనే మనం ఎక్కణ్ణుంచి వచ్చామో ఉంది.