ఊరి చరిత్రలో వాడ ఎక్కడ?

మా పక్క జిల్లాలో పాతికేళ్లుగా పనిచేస్తున్న ఒక చరిత్ర మండలి ఈ మధ్య గ్రామ చరిత్రల సంపుటం తెచ్చింది. మేం దాన్ని రెండుసార్లు చదివాం. మొదటిసారి గౌరవంతో చదివాం. ఎందుకంటే ఆ పెద్దమనుషులు రిటైరైన టీచర్లు. సొంత పింఛను డబ్బుతో గుట్టలెక్కి, పిచ్చిచెట్లు నరికించి, శాసనాలకు నకళ్లు తీసినవాళ్లు. ప్రభుత్వ శాఖలు పట్టించుకోని రాళ్లను వాళ్లు పట్టించుకున్నారు. రెండోసారి మా వాళ్లను వెతుక్కుంటూ చదివాం. ప్రతి ఊరికీ గుడి ఉంది, కోట ఉంది, చెరువు తవ్వించిన దొర ఉన్నాడు, అగ్రహారం ఉంది. వాడ గురించి మాత్రం ఫలానా దిక్కున ఉన్నదని ఒక వాక్యం. కొన్ని ఊళ్లకు అదీ లేదు.

ఇది ఆ మండలి ఒక్కదాని తప్పు కాదు. ఈ పద్ధతికి రెండు వందల ఏళ్ల వయసుంది. కాలిన్ మెకంజీ ఊరూరా కైఫియత్తులు రాయించినప్పుడు ఆయన తరఫున తిరిగినవాళ్లు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య లాంటి బ్రాహ్మణ పండితులు. వాళ్లు అడిగింది ఎవరిని? కరణాన్ని. కరణం ఏం చెప్తాడు? తన కవిలెకట్టలో ఉన్నది చెప్తాడు. ఆ కట్టలో ఎవరి మాన్యం ఎంత, ఏ దేవుడికి ఎవరిచ్చారు, ఏ రాజు కాలంలో మిరాశీ ఎవరికి వచ్చింది అన్నవి ఉంటాయి. కైఫియత్తును జ్ఞాపకాల మూటలాగా చూస్తారుగానీ, అందులో సగం భూమి మీద హక్కు చెప్పుకునే కాగితమే. హక్కు ఉన్నవాడు చెప్పుకున్నాడు, రాసుకున్నాడు. మన మండళ్లు ఆ కాగితాన్నే ఊరి గొంతు అనుకుంటున్నాయి.

ఇక్కడొక విచిత్రం ఉంది. ఊరి పొలిమేర ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తదో కాళ్లతో తెలిసినవాడు వెట్టివాడు, మస్కూరివాడు. హద్దు తగాదా వస్తే రాయి చూపించింది మాల మాదిగలే. నీళ్లు ఏ తూము నుంచి ఏ మడికి పారతాయో నీరడికి తెలుసు. అంటే ఊరి చరిత్రకు అసలు దస్తావేజు వాళ్ల నోట్లో ఉంది. కరణం ఆ మాట విని రాసుకొని తన పేరు పెట్టుకున్నాడు. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మునసబు కరణాలను, పటేల్ పట్వారీలను రద్దు చేసింది. చరిత్ర మండళ్లలో మాత్రం పట్వారీ ఇంకా కొలువులోనే ఉన్నాడు.

శాసనాల సంగతి కూడా ఇంతే. 1920 ల మొదట్లో హైదరాబాదులో పుట్టి, కొమర్రాజు లక్ష్మణరావు 1923లో చనిపోయాక ఆయన పేరు పెట్టుకున్న లక్ష్మణరాయ పరిశోధక మండలి చేసిన పని చిన్నది కాదు. తెలుగుకు కొలువు లేని రాజ్యంలో ఆదిరాజు వీరభద్రరావు లాంటివాళ్లు తెలంగాణా శాసనాలు సేకరించి 1935లో సంపుటంగా అచ్చువేశారు. ఆ పుస్తకం లేకపోతే మాలాంటివాళ్లం పరిశోధన మొదలుపెట్టే చోటే ఉండేది కాదు. కానీ రాయి మీద ఎవరి పేరు ఎక్కుతుంది? దానం చేసినవాడిది, దానం పుచ్చుకున్నవాడిది. ఇవ్వడానికి ఏమీ లేనివాడు, ముట్టుకోవడానికే వీల్లేనివాడు శాసనంలో ఎట్లా దొరుకుతాడు? శాసనంలో లేడు కాబట్టి చరిత్రలో లేడనడం ఏం న్యాయం?

రాజమండ్రిలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది 1922లో. అదే ఏడు మద్రాసు ప్రభుత్వం ఎం.సి. రాజా తీర్మానం మేరకు పంచమ అన్న పేరు తీసేసి ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర పేర్లను ఒప్పుకుంది. దానికి ఐదేళ్ల ముందే, 1917లో, బెజవాడ సభలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన మా పెద్దలు తమను తాము ఆది ఆంధ్రులని పిలుచుకున్నారు. ఈ నేలకు మొదటివాళ్లం మేమే అనడం వట్టి పేరు మార్పిడి కాదు, అదొక ప్రాంతీయ చరిత్ర ప్రతిపాదన. తప్పో ఒప్పో వాదించాల్సిన ప్రతిపాదన. పండితుల మండళ్లు ఆంధ్రుల మూలాలు ఎక్కడివని సంచికలకు సంచికలు నింపుతున్న రోజుల్లో ఈ మాటను చరిత్ర చర్చగా తీసుకోలేదు, సంఘ సంస్కరణ ఖాతాలో వేశారు. హైదరాబాదు దళితోద్యమంలో తిరిగిన పి.ఆర్. వెంకటస్వామి 1955లో ఆ ఉద్యమ చరిత్రను ఇంగ్లీషులో రెండు సంపుటాలుగా రాశాడు. మేం చూసిన గ్రామ చరిత్రల సంపుటంలో ఆ పుస్తకం ఊసే లేదు.

ఆధారాలు ఏవి అని అడుగుతారు. ఉన్నాయి. మాదిగల కులపురాణం చెప్పే దక్కలివాళ్లున్నారు, చిందువాళ్లున్నారు. నకాషీలు గీసిన పటం విప్పి దక్కలాయన జాంబపురాణం చెప్తే రాత్రులకు రాత్రులు గడుస్తాయి. జాంబవుడు భూమి కంటే ముందు పుట్టాడన్న మాటను మేం నిజమని నమ్మమనడం లేదు. రాజుల వంశావళి సూర్యుడి దగ్గర మొదలైతే దాన్ని పక్కన పెట్టి మిగతా శాసనం చదువుతారు గదా, ఆ మర్యాదే దీనికీ ఇవ్వమంటున్నాం. ఇంకో మాట కూడా చెప్పాలి, దాచుకుంటే లాభం లేదు. మమ్మల్ని ఊరు బయట పెడితే, మేం దక్కలివాళ్లను వాడ బయట దింపినం. వాళ్ల నోట మన చరిత్ర వింటూ వాళ్లను గడప లోపలికి రానివ్వలేదు. రేపు వాడ చరిత్ర రాసేవాళ్లు ఇది రాయకపోతే వాళ్లూ ఇంకో కరణాలే.

ఆ సంపుటంలో ఒక ఊరి పటం ఉంది. అందులో ఒక కుంటకు కొత్త పేరు కనబడింది. ఊళ్లో అందరూ దాన్ని మాదిగకుంట అంటారు. సంపాదకులలో ఒకాయనను అడిగితే, "కులం పేర్లెందుకని మార్చినం నాయనా, మీకే బాగుండదని" అన్నాడు. ఆయన మంచి మనసుతోనే అన్నాడు. అదే ఊళ్లో ఎనభై దాటిన ఒక తాతను అడిగితే, "ఆ కుంట కింద మనకు మాన్యం ఉండె బిడ్డా, వెట్టి చేసినందుకు ఇచ్చిండ్రు. కాయితం దొర కాడ ఉండె. పేరొక్కటే మన కాడ మిగిలింది" అన్నాడు. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ఉన్నా, ఇనాముల రద్దు చట్టాలు ఉన్నా, పట్టా లేనివాడు ఆఫీసు ముందు నిలబడి చెప్పగలిగింది ఆ పేరే. దాన్ని మండలి మర్యాద కోసం తుడిచేసింది.

చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. వాళ్లను పాతిపెట్టిన చోటును జనం రక్తక్షేత్రం అన్నారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు కూర్చుంది. 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. కోర్టు తీర్పులు తిరగబడతాయి, ఆ సమాధులు మాత్రం అక్కడే ఉన్నాయి. అదీ రాతిమీది చరిత్రే. ఏ మండలి దానికి నకలు తీసింది?

రెండో సంపుటం పని మొదలైందట. వాడల గురించి మీరే రాసివ్వండని కబురు పంపారు. పుస్తకం చివర అనుబంధంగా వేస్తామన్నారు. రాసిస్తామన్నాం. కానీ అనుబంధంగా కాదు, పొలిమేరలు చెప్పే మొదటి అధ్యాయంలోనే వేయాలనీ, కుంటకు పాత పేరు పెట్టాలనీ, తాత చెప్పిన మాట ఆయన పేరుతోనే అచ్చుకావాలనీ ఉత్తరం రాశాం. జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగే తీరిక లేదు గనక టేపు పట్టుకొని తాత దగ్గరికి వారం వారం పోతున్నాం.