మరి పాలు ఏమైతయ్?

సినిమా అయిపోయాక మనం వేసుకునే ప్రశ్నలు మామూలే కదా! హీరోయిను బాగా చేసిందా, పాటలు బాగున్నాయా, చివర్లో ఏడ్చామా లేదా... మొన్న ఒక ఆదివారం మధ్యాహ్నం, ఇక్కడ నస్పూర్‌లో మా ఇంట్లో, నలుగురం ఆడవాళ్ళం కూర్చుని టీవీలో 'యశోద' చూశాం. 2022లో వచ్చిన సినిమా. డబ్బవసరం కొద్దీ ఇంకొకరి బిడ్డను మోయడానికి ఒప్పుకున్న పేదపిల్లగా సమంత కనిపిస్తుంది.

అయిపోగానే అందరూ సమంత ఫైటింగుల గురించి మొదలుపెట్టారు. పక్కింటి పెద్దమ్మ ఒక్కతే మాట్లాడకుండా కూర్చుంది. వాళ్ళాయన శ్రీరాంపూర్ బాయిలో బొగ్గు తవ్వి రిటైరయిన మనిషి.

"నిజంగ గిట్ల కనిచ్చేటోళ్ళు ఉంటరా బిడ్డా?" అని అడిగింది.

"ఉంటారు పెద్దమ్మా. హైదరాబాదులో చాలామందే ఉండేవాళ్ళు."

"బిడ్డను తీస్కపోతరు, సరే. మరి పాలు ఏమైతయ్?"

నా దగ్గర జవాబు లేదు. సిగ్గు విడిచి ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. ఇలాంటి కథతో నేనూ ఒక సీరియల్ రాశాను. అందులో నా కథానాయిక బిడ్డను కని, ఇచ్చేసి, కళ్ళు తుడుచుకుంటుంది. ఆ తర్వాత మూడు నక్షత్రాలు వేసి, 'అయిదేళ్ళు గడిచాయి' అని కొత్త ప్రకరణం మొదలుపెట్టాను. ఉత్తరాలు రాసిన వాళ్ళంతా బాగుందన్నారే గాని, పాల సంగతి అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు!

ఆ రాత్రి కూర్చుని ఈ విషయం మీద మన సినిమాలన్నీ గుర్తు చేసుకున్నాను. 2001లో క్రాంతికుమార్ తీసిన '9 నెలలు' ఉంది. భర్త వైద్యానికి డబ్బు కావాలి, అందుకని సౌందర్య ఒప్పుకుంటుంది. 2013లో సింగీతం శ్రీనివాసరావు 'వెల్‌కమ్ ఒబామా' తీశారు. 2011లో వచ్చిన ఒక మరాఠీ సినిమా దానికి మూలం. అదే కథ 2021లో హిందీలో 'మిమీ' అయింది, కృతి సనన్‌కి జాతీయ అవార్డు తెచ్చిపెట్టింది. పుట్టబోయే బిడ్డకు లోపముందని తెలిసి విదేశీ దంపతులు వదిలేసిపోతే, మోసిన తల్లే పెంచుకుంటుంది. 'యశోద'లో చెల్లెలి ఆపరేషను అంటారు. తీరా చూస్తే ఆవిడ మారువేషంలో వచ్చిన పోలీసు అధికారిణి!

వరసగా పెట్టి చూడండి. ఈ ఆడవాళ్ళలో ఒక్కరికైనా 'అప్పు తీర్చాలి, పిల్లల ఫీజు కట్టాలి, రెండు గదుల ఇల్లు వేసుకోవాలి' అనే మామూలు కారణముందా? మామూలు కారణం చెబితే ప్రేక్షకులు క్షమించరని దర్శకుల భయం. అందుకే ఒకామెకు భర్త ప్రాణం, ఇంకొకామెకు చెల్లెలి ప్రాణం, కుదరకపోతే పోలీసు యూనిఫారం! మగవాడు బాయిలోకి దిగి ఒళ్ళు హూనం చేసుకుని జీతం తెస్తే దానికి కారణం అడుగుతామా? ఒళ్ళే పెట్టుబడిగా ఆడది డబ్బు తెచ్చిందంటే మాత్రం వెనక ఏడుపు కథ ఒకటి ఉండి తీరాలి.

నటీమణులను నేను తప్పు పట్టడం లేదు. సౌందర్య మొహంలో ఎన్ని భావాలు పలుకుతాయో అందరికీ తెలుసు. కథ రాసినవాళ్ళు, నాతో సహా, మోయడమన్న అసలు పనిని వదిలేశారు. అదే నా ఫిర్యాదు.

ఆ పని ఎలా ఉంటుందో చూడండి. ముందు గర్భసంచి పొరను సిద్ధం చేయడానికి మాత్రలు. తర్వాత పిండాన్ని లోపల పెడతారు. నిలిచిందో లేదో తెలియడానికి దాదాపు రెండు వారాలు ఆగాలి. ఈలోగా ప్రొజెస్టిరాను మందు సాగుతూనే ఉంటుంది. ఇంజక్షనైతే నూనె మందు, గట్టి కండలోకి దిగాలి. పిరుదులు గడ్డకట్టి కూర్చోలేనంత నొప్పి పెడతాయి. నిలిస్తే వాంతులు, నీరసం, కాళ్ళవాపులు... మనందరికీ తెలిసినవే. తనది కాదు కదా అని వేవిళ్ళు మానవు! అయిదో నెలలో కదలిక తెలుస్తుంది. ఆ కదలికను చేయి పట్టుకుని చూపించడానికి పక్కన సొంత మనిషి ఉండడు. 2017 జూన్‌లో బంజారాహిల్స్‌లో ఒక ఆసుపత్రిని తనిఖీ చేస్తే, ఇలాంటి గర్భిణులు నలభై మందికి పైగా ఒకే చోట కనిపించారు. కన్నపిల్లలను ఇంటి దగ్గర వదిలి, ఊళ్ళో ఏదో ఒకటి చెప్పి వచ్చి ఉండే జీవితం అది.

పత్రికలవాళ్ళు దీనికి 'అద్దె గర్భం' అని పేరు పెట్టారు. ఎంత సుఖమైన మాట! ఇల్లు అద్దెకిచ్చిన ఆవిడ తను వేరే చోట ఉంటుంది. ఇక్కడ ఇంటావిడ ఆ ఇంట్లోనే ఉండాలి, తలుపు తీసి బయటికి పోవడానికి లేదు. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేశాక కూడా లెక్క తేలదు. 1996లో డయానా బియాంకీ అనే అమెరికా డాక్టరు, ఆమె తోటివాళ్ళు ఒక సంగతి బయటపెట్టారు. కొడుకును కన్న 27 ఏళ్ళ తర్వాత కూడా ఒక తల్లి రక్తంలో మగబిడ్డ కణాలు దొరికాయట!

సినిమాకు 'యశోద' అని పేరు పెట్టడం కూడా నాకు నచ్చలేదు. యశోద కనలేదు, పెంచింది. ఈ కథలో ఆమె మోసి, కని, పెంచకుండా ఇచ్చేస్తుంది. పురాణంలో దగ్గరగా ఉన్నది రోహిణి. దేవకి ఏడో గర్భాన్ని యోగమాయ తెచ్చి రోహిణి కడుపులో పెడితే బలరాముడు పుట్టాడు. ఆ రోహిణిని మనమెంతమందిమి తలుచుకుంటాం? ఆమెకైనా బలరాముణ్ణి ఒళ్ళో వేసుకునే అదృష్టం దక్కింది. బిడ్డను ఇచ్చి చేతులు దులుపుకుని బస్సెక్కే ఆడదానికి పురాణం కూడా పేరు పెట్టలేదు.

ఇప్పుడు చట్టం వచ్చింది. 2022 జనవరి 25 నుంచి డబ్బు తీసుకుని మోయడం నేరం. వైద్యం ఖర్చు, 36 నెలల బీమా మాత్రమే ఇవ్వాలి. మోసే ఆమెకు పెళ్ళయి, సొంత బిడ్డ ఉండాలి. వయసు 25కీ 35కీ మధ్య ఉండాలి. జీవితంలో ఒక్కసారే మోయాలి. దళారుల దోపిడీ ఆపడానికే కావచ్చు, మంచిదే. అయినా నాకొక సందేహం. డాక్టరుకు ఫీజుంది, లాబొరేటరీకి ఫీజుంది, ఒక్క మోసిన ఆమె దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది త్యాగమైపోవాలా?

చట్టం వచ్చిన తర్వాత జరిగిన సంగతి ఇంకా విచిత్రం. 2025 జూలైలో సికింద్రాబాదులో ఒక కేసు బయటపడింది. ముప్ఫై అయిదు లక్షల దాకా కట్టిన దంపతులకు, మీ బిడ్డను వేరే ఆమె మోసి కన్నదని చెప్పి పసిగుడ్డును చేతిలో పెట్టారు. డి.ఎన్.ఎ. పరీక్షలో బిడ్డ వాళ్ళది కాదని తేలింది. ఒక పేద జంట దగ్గర కొన్న బిడ్డ అని పోలీసులు చెప్పారు. అంటే వాళ్ళ బిడ్డను మోసిన ఆమె అసలు లేనేలేదు! ఆమెను కళ్ళతో చూడాలని ఎవరికీ అనిపించకపోతేనే కదా ఇలాంటి అబద్ధం నిలబడేది? మన కథల్లో కూడా ఆమె అంతే.

మర్నాడు పొద్దున పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి, ఆ మాట ఎందుకడిగావన్నాను.

"నా రెండో కాన్పుల బిడ్డ దక్కలే. మూడో దినం పాలు పొంగినయ్. రైక తడిసిపాయె. ఎవలి బిడ్డ ఏడ్చినా అవి ఆగకపోయేది. మా అత్త మల్లెపూలు తెచ్చి రొమ్ములకు కట్టింది" అంది. పొయ్యి మీది గిన్నె దించుతూ, మామూలుగా చెప్పింది.

ఆ మల్లెపూల వైద్యం ఉత్త నమ్మకం కాదు. 1988లో వేలూరు డాక్టర్లు పరీక్షించి, పాలు తగ్గించడంలో మాత్రతో సమానంగా పని చేస్తుందని చూపించారు. ఇప్పుడైతే మాత్రే ఇస్తారు. పాలు ఇంకిపోతాయి. కాని ఇంకేదాకా ఉన్న ఆ రెండు మూడు రోజులు? ఎవరి బిడ్డ అన్నది కాగితాల మీద తేలిపోయినా, పాలకు చదువు రాదుగా!

నా సీరియల్ త్వరలో పుస్తకంగా రాబోతోంది. ఆ మూడు నక్షత్రాలు తీసేశాను. ఆ చోట కొత్తగా ఒక ప్రకరణం రాస్తున్నాను, మూడో రోజు రాత్రి గురించి. ఇంకా సగమే అయింది. పూర్తికాగానే ముందు పెద్దమ్మకు చదివి వినిపించాలి. ఆమె ఒప్పుకుంటేనే అచ్చుకు పంపుతాను.