బూతుల వెనక బెంగ

కొన్ని సినిమాలు పెద్దవాళ్ళ పక్కన కూచుని చూడలేం. పిల్లల్ని పక్కన కూచోబెట్టుకుని అసలే చూడలేం. పోనీ ఒంటరిగా చూసి, 'బాగుంది' అందామంటే నలుగురిలో నామోషీ. 2007 ఆగస్టులో అమెరికాలో విడుదలైన 'సూపర్‌బ్యాడ్' అచ్చంగా ఆ కోవలోది. అందులో కుర్రాళ్ళు మాట్లాడే మాటల్లో సగానికి సగం ఈ పేజీలో అచ్చు వెయ్యడానికి వీల్లేదు. అయినా రాయడానికి కూచున్నానంటే కారణం ఉంది. ఆ బూతులన్నీ వడగడితే అడుగున మిగిలేది బెంగ.

కథ గోరంత. సేథ్, ఎవాన్ చిన్ననాటి నుంచీ ప్రాణస్నేహితులు. హైస్కూలు చదువు ఇంకొద్ది రోజుల్లో అయిపోతుంది. ఎవాన్‌కి డార్ట్‌మత్ కాలేజీలో సీటొచ్చింది, సేథ్‌కి రాలేదు. ఇంతలో జూల్స్ అనే అమ్మాయి తన ఇంట్లో పార్టీ పెట్టుకుని, మందు తెచ్చిపెట్టే పని సేథ్‌కి అప్పగిస్తుంది. ఆ దేశంలో 21 ఏళ్ళు నిండందే మందు అమ్మరాయె! దానికి ఫోగెల్ అనే మూడో కుర్రాడు దొంగ గుర్తింపు కార్డు సంపాదించుకొస్తాడు. అందులో వాడి వయస్సు 25, రాష్ట్రం హవాయి, పేరు 'మెక్‌లవిన్'. ముందూ వెనకా మరో ముక్క లేదు, పేరంతా అదే. ఆ సీసాల కోసం ఒక్క రాత్రి ముగ్గురూ పడే పాట్లే సినిమా.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. నవ్వొస్తుంది. పొట్ట పట్టుకుని నవ్వేటంత వస్తుంది. కాని నన్ను పట్టుకున్నది నవ్వు కాదు. మొదట్లోనే ఎవాన్ తల్లి, 'ఒకర్నొకరు వదిలి ఎలా ఉంటారర్రా' అన్న ధోరణిలో ఓ ప్రశ్న వేస్తుంది. ఇద్దరూ వెటకారంగా కొట్టిపారేస్తారు. ఆ కొట్టిపారెయ్యడంలోనే ఉంది కిటుకంతా. ఆ ప్రశ్నకి నిజమైన జవాబు చెప్పలేక వాళ్ళు రెండు గంటలసేపు మరేదేదో మాట్లాడతారు. ఆ వయసు మగపిల్లాడికి 'నువ్వెళ్ళిపోతే నాకెవరున్నార్రా' అనడం కంటే నూరు బూతులు కూయడం తేలిక. బూతుకి సిగ్గు లేదు, బెంగకే సిగ్గు.

ఆ బెంగ నడిరాత్రి వీధిలో బద్దలవుతుంది. ఎవాన్ కాలేజీలో ఫోగెల్‌తో ఒకే గదిలో ఉండబోతున్నాడనీ, ఆ సంగతి తన దగ్గర దాచాడనీ సేథ్‌కి తెలుస్తుంది. సీటు రాకపోవడం కంటే ఈ దాపరికం ఎక్కువ గుచ్చుకుంటుంది. అందులో మోసమేమీ లేదు. స్నేహితుడు బాధపడతాడని చెప్పలేకపోయాడు, అంతే. అయినా గాయం గాయమే.

పార్టీలో మరో చమత్కారం. ఏ అమ్మాయి మెప్పు కోసం ఇన్ని తిప్పలు పడ్డాడో, ఆ జూల్స్ అసలు తాగదు! తప్పతాగి ముద్దుకి సిద్ధమైన సేథ్‌ని ఆమె మర్యాదగానే ఆపుతుంది. అటు ఎవాన్, తను ఎంతో ఇష్టపడ్డ బెక్కా మత్తులో దగ్గరకొస్తే, ఇది పద్ధతి కాదని వెనక్కి తగ్గుతాడు. పోకిరీ సినిమా అనుకుని కూచున్నవాడికి ఇంతటి పెద్దమనిషితనం ఎదురవడం విశేషమే కదా! చివరికి పోలీసులొస్తే, సేథ్ నిద్రమత్తులో ఉన్న స్నేహితుణ్ణి చేతులమీద మోసుకుని పరిగెడతాడు. ఆ రాత్రి పక్కపక్కన పడుకున్నప్పుడే, ఇన్నాళ్ళూ నోట రాని ఇష్టం మాటల్లో బయటికొస్తుంది. తెల్లారి ఇద్దరికీ ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి మొహమాటం.

ఈ రచన చేసిన సేథ్ రోజెన్, ఎవాన్ గోల్డ్‌బర్గ్ కెనడాలోని వాంకూవర్ కుర్రాళ్ళు. పదమూడో ఏట మొదలెట్టి, పాత్రలకి తమ పేర్లే పెట్టుకున్నారు. బూతుల జోరుకీ, బెంగ నిజానికీ ఆ వయసే మూలం. సినిమా తయారయ్యేసరికి రోజెన్‌కి కుర్రవేషం వయసు దాటిపోయింది. సేథ్ పాత్ర జోనా హిల్ వేస్తే, రచయిత పోలీసు వేషంతో సరిపెట్టుకున్నాడు. మైకేల్ సెరా వేసిన ఎవాన్ ఎంత మెత్తనివాడో, హిల్ అంత గయ్యాళి. జోడీ కుదిరింది.

లోపాలు లేవా? ఉన్నాయి. ఇద్దరు పోలీసుల ఆగడాలు సాగదీశారు. ఆడపిల్లల మనసులోకి కెమెరా తొంగి చూడదు. వాళ్ళ స్నేహాలూ బెంగలూ ఏమిటో మనకి తెలియవు. ఆ బాకీ 2019లో ఒలీవియా వైల్డ్ 'బుక్‌స్మార్ట్' అనే సినిమాలో ఇద్దరమ్మాయిల కథగా తీర్చింది. అందులో ఒక నాయిక బీనీ ఫెల్డ్‌స్టైన్, ఈ జోనా హిల్ చెల్లెలే!

ఇక ముగింపు. దర్శకుడు గ్రెగ్ మొట్టోలా ఇక్కడ గొంతు తగ్గించాడు. మర్నాడు బజారులో అమ్మాయిలిద్దరూ ఎదురవుతారు. జంటలు విడిపోతాయి. సేథ్ జూల్స్‌తో ఎస్కలేటరు మీద కిందికి దిగుతూ వెనక్కి తిరిగి ఎవాన్ వంక చూస్తాడు. కోరుకున్న అమ్మాయి పక్కనే ఉంది, చూపు మాత్రం స్నేహితుడి మీద. ఆ ఎస్కలేటరు కిందికే పోతుంది, వెనక్కి రాదు. మనలో ఎవరికి లేదు చెప్పండి, అలాంటి ఓ చూపు, ఏ రైల్వే ప్లాట్‌ఫారం మీదో వదిలేసి వచ్చింది?

సినిమా మాత్రం ఇంట్లో అందరూ నిద్రపోయాక చూడండి. ఆఖరి రెండు నిమిషాలకి వాళ్ళని లేపినా ఫరవాలేదు.