నక్షత్రము వెనుక నంబరు

యుద్ధమున మడిసినవారిని జ్ఞాపకముంచుకొన్నంతగా, బ్రతికి యిల్లు చేరినవారిని రాజ్యములు జ్ఞాపకముంచుకొనవు. రంగూను నగరమునకు ఉత్తరమున తౌక్యాన్ శ్మశానవాటికలో, సమాధియైనను దొరకని సైనికుల నామములు దాదాపు 27,000 రాతిమీద చెక్కబడి యున్నవి. వారిలో అధికసంఖ్యాకులు భారతీయులు. ఆ పట్టికను వెదకగోరినవానికి ఇంట కూర్చుండగనే పేరును, పటాలమును, మరణదినమును లభించును. కాని మా తాతగారివలె బర్మానుండి మలేరియాతోను, ఒక రేకుపెట్టెతోను తిరిగివచ్చి, మరల మేడి పట్టి, ముసలితనమున నులకమంచముమీద కన్నుమూసినవాని కథ యే శిలమీదను లేదు. రెండవ ప్రపంచ సంగ్రామమున భారతసైన్యమునందు పనిచేసినవారు సుమారు 25 లక్షలు. మరణించినవారు సుమారు 87,000. అనగా నూటికి తొంబదియారుగురు రాతికెక్కనివారే.

ఇట్టివారి జాడ తీయుటకు మొదటి యాధారము పతకము. మా నాయనమ్మ వానిని “మీ తాత బిళ్ళలు” అనెడిది. ఏటేట సంక్రాంతికి ఇత్తడి బిందెలతోపాటు చింతపండు పెట్టి తోమి, ఎండలో ఆరబెట్టి, మరల పెట్టెలో దాచెడిది. ఆమె మమతను తప్పుపట్టను గాని, చింతపండు పులుపు చరిత్రకు మేలు చేయదని మాత్రము చెప్పక తప్పదు. ఏలయన, ఆ యుద్ధమున బ్రిటిషు సైనికుల కిచ్చిన పతకములపై వారి పేరే లేదు. భారతీయుల కిచ్చిన ఆరుకోణముల నక్షత్రముల వెనుకనో, సైనికుని నంబరు, హోదా, పొడి అక్షరములు, పేరు, దళము ముద్రింపబడినవి. పాలకులు తమవారికి చేయని యుపకారమును మనవారికి చేసిరి! నాయనమ్మ తోమగా మిగిలిన అంకెలను ఏటవాలు వెలుతురులో భూతద్దముపెట్టి కూడబలుకుకొంటిని.

నంబరునకు నేనింత ప్రాధాన్య మిచ్చుటకు కారణము మన పేర్లే. ఇంటిపేరు ముందుండు మన యాచారము పరదేశపు గుమాస్తాకు తెలియదు. ఒకచోట ఇంటిపేరు పొడి అక్షరమై పోవును, వేరొకచోట తండ్రిపేరు తగులుకొనును, ఇంకొకచోట ఊరిపేరే మనిషిపేరై కూర్చుండును. పైగా రాములు, రాములయ్య, రామయ్య యను ముగ్గురును ఒక్కడే కావచ్చును, ముగ్గురును కావచ్చును. నంబరు ఒక్కటే ఈ గందరగోళమునకు లొంగదు.

ఇక పతకములకు నిబంధనలు గలవు. అవి తెలిసినచో రిబ్బను రంగులే మాటాడును. 1939–45 నక్షత్రము సామాన్యముగా యుద్ధరంగమున 180 దినములు గడపిన సైనికునికి దక్కినది. నడుమ ఎఱుపును, ఇరువైపుల నీలమును, నారింజయు గల రిబ్బనుతో నున్న బర్మా నక్షత్రమునకు ఆ రంగమున అడుగిడుటయే చాలును. మూడవది యుద్ధపతకము, ఎక్కడనైనను 28 దినములు కొలువు చేసినవాని కది వచ్చినది. మా యింట మిగిలినవి ఈ మూడే. అయితే మా పెదనాన్న చిన్ననాటినుండి వినిపించిన కథలో తాతగారు ఈజిప్టు ఇసుకలో జర్మనులతో కలబడినవాడు. ఆ కథ నిజమైనచో ఇసుకరంగు రిబ్బనుతో ఆఫ్రికా నక్షత్రము ఉండవలెను. అది పోయినదేమో యని కొన్నాళ్లు సంశయించితిని. కాని నంబరు పట్టుకొని పటాలపు కాగితములు చూడగా, ఆయన ప్రయాణము డిమాపూరు వఱకు రైలుమీద, ఇంఫాలు వఱకు లారీలో, ఆపైన కాలినడకనని తేలినది.

“అయితే మా నాన్న అబద్ధమాడాడంటావా?” అని పెదనాన్న ముఖము ముడుచుకొనెను.

“లేదు పెదనాన్నా, తాత ఒక మాట చెబితే ఊరు పది కలిపింది” అంటిని. ఆయనకు తృప్తి కలుగలేదు.

తాతగారిది సాపర్ల, అనగా బాటలు, వంతెనలు వేయు ఇంజనీరు సైనికుల, కంపెనీ. అట్టి కంపెనీల యుద్ధకాలపు దినచర్యలు లండను సమీపమున క్యూలోని జాతీయ అభిలేఖాగారమున నున్నవి. అచ్చట చదువుకొనుచున్న మా బంధువుల పిల్ల యొకతె ఫొటోలు తీసి పంపగా చదివితిని. అధికారులకు పేర్లున్నవి, సిపాయిలకు ‘ఐ.ఓ.ఆర్.’ (ఇండియన్ అదర్ ర్యాంక్స్) అను మూడక్షరములును, వాని ముందు ఒక అంకెయు తప్ప మరేమియు లేవు. తాతగారిని నేను ఆ అంకెలోనే వెదకుకొనవలసి వచ్చినది. వీరవిహారమును ఆశించి తెఱచిన ఆ పుటలలో నిండియున్నవి వాన, బురద, కొట్టుకొనిపోయిన తూములు, మరల వేసిన బాట. మొదట నిరుత్సాహపడితిని, పిదప బర్మాలో పోరాడిన పదునాలుగవ సేన నడిచిన దారిని పటమున చూచినప్పుడు నా యభిప్రాయము మారినది. 1944 డిసెంబరులో కలేవాయొద్ద చింద్విన్ నదిమీద 1,154 అడుగుల బెయిలీ వంతెన వేసిరి. అప్పటి కది ప్రపంచమున నట్టి వంతెన లన్నిటిలో దీర్ఘమైనది. ఇంజనీరు దళములు ఇట్టి పని చేయనిచో ఆ సేన ట్యాంకులు ఆ యొడ్డుననే నిలిచిపోయి యుండెడివి. ఈజిప్టు కథకన్న ఈ బురదకథయే నాకు గొప్పదిగా తోచుచున్నది. పెదనాన్న ఒప్పుకొనకపోయిన నేమి!

కావున పాఠకులకొక విన్నపము. మీ యింట నక్షత్రములుండినచో తోమకుడు. వెనుకనున్న అక్షరములను ఉన్నవి ఉన్నట్లు వ్రాసి పెట్టుకొనుడు. డిశ్చార్జి కాగితమున్నచో దానికి నకలు తీయించుడు. యుద్ధము ముగియగానే పింఛను లేక విడుదలయైనవారే యెక్కువ. అట్టివారి కాగితములను గడువు తీరిన వెనుక నశింపజేయుట దండులో కలదు, కాబట్టి అవి యిప్పటికే లేకపోవచ్చును. ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమున విచారింపుడు. పిదప మద్రాసు సాపర్లయినచో బెంగుళూరునకును, మద్రాసు రెజిమెంటయినచో వెల్లింగ్టనుకును జాబు వ్రాయుడు. నంబరు లేని జాబునకు ప్రత్యుత్తరము మాత్రము ఆశింపకుడు.